శిథిలముల పోషణము: మండలుల నుండి ట్రస్టుల వరకు

ప్రాచీనవస్తువులును ప్రాచీనస్థలములును నశించుటకు ఉపేక్ష యొక్కటే కారణమను నమ్మకము లోకమున బలముగా పాతుకొని యున్నది. కాని గడచిన రెండువందల సంవత్సరములలో మన తెలుగునాట శిల్పములకును, గుడులకును, కోటలకును పట్టిన గతిని తీరికగా పరిశీలించినచో, ఉపేక్షవలన పోయినదానికంటె ఉత్సాహమువలన పోయినది తక్కువ కాదని తోచకమానదు. పుణ్యమునకై గోడలకు వెల్ల వేయించినవారును, శాస్త్రమునకై దిబ్బలు త్రవ్వించినవారును, భద్రతకై శిల్పములను తరలించినవారును, గట్టితనమునకై సిమెంటు పూయించినవారును, అందఱును సదుద్దేశముతోనే పూనుకొనిరి. కావున ఈ పనికై వెలసిన సంస్థలను సమీక్షించునపుడు, వానికి శ్రద్ధ కలదా లేదా యను ప్రశ్నకంటె, ఆ శ్రద్ధ యెట్టి పనియందు వ్యయమగుచున్నదను ప్రశ్నయే ముఖ్యము.

అమరావతి స్తూపమునే తీసికొందము. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి కృష్ణయొడ్డున క్రొత్తపట్టణమును కట్టింపబూనినప్పుడు, దీపాలదిన్నె యని గ్రామస్థులు పిలుచు మట్టిదిబ్బలో మంచి రాయి దొరకుచున్నదని పనివారు త్రవ్వసాగిరి. ఆ వార్త విని 1797లో కుంపిణీ సర్వేయరైన కాలిన్ మెకంజీ యచ్చటికి వచ్చి, పెక్కేండ్లకు, అనగా 1816లో, చిత్రకారులను వెంటబెట్టుకొని మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడి యుండెను. శిల్పఫలకములు కొన్ని కోనేటి మెట్లుగా మాఱి యుండెను. పల్నాటి సున్నపురాయి యగుటచే కొన్ని సున్నపుబట్టీల పాలయ్యెను. ఇంతవరకు ఉపేక్ష చేసిన పని. తరువాతి కథ శ్రద్ధ చేసినది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన ఫలకములు మదరాసు చేరి యేండ్లతరబడి యెండకు వానకు పడియుండి, 1859లో ఓడ నెక్కి లండను చేరెను. అచ్చటను గుఱ్ఱపుసాలలో మూలబడి యున్నవానిని 1867లో ఫెర్గూసన్ కనుగొనునంతవరకు పట్టించుకొన్నవారు లేరు. 1880లో మదరాసు గవర్నరు స్తూపస్థలము నంతటిని త్రవ్వివేయ నాజ్ఞాపించగా, పండితుడైన బర్జెస్ మఱుసటి యేడు వచ్చి చూచునప్పటికి దిబ్బకు మాఱుగా పెద్దగొయ్యి, దాని చుట్టును ఱాళ్లు మిగిలి యున్నవి. మదరాసు మ్యూజియమునకు చేరినవానిని బర్జెస్ అభ్యంతరము లెక్కచేయక గోడలలో సిమెంటుతో బిగించిరి. ఆ సిమెంటులోని లవణములు తేమతోబాటు రాతిలోనికి ప్రాకి, పైకి తేలి, చెక్కడపు పొరలను పెచ్చులుగా రాల్చుట మొదలుపెట్టినవి.

ఇందఱి ప్రయత్నములలో నేటికిని నిష్కళంకముగా నిలిచినది మెకంజీ చిత్రకారులు గీసిన రేఖాచిత్రముల సంపుటము మాత్రమే యని నా యభిప్రాయము. ఆనాడు వారు గీసిన ఫలకములలో పెక్కింటి జాడ నేడు లేదు. ఆ కాగితమే వానికి మిగిలిన రూపము. వస్తువును ముట్టక, కదల్పక, ఉన్నదున్నట్లు కొలిచి వ్రాసికొన్న పని యది. పరిరక్షణ మను శాస్త్రమున కిదియే మొదటి పాఠమైనను, నిధులు కేటాయించువారికి దీనియందు రుచి తక్కువ. కొలతలపుస్తకమునకు ప్రారంభోత్సవము జరుపుట కష్టముగదా.

శాసనపరముగా చూచినచో, 1861లో కన్నింగ్‌హామ్ ఆధిపత్యమున వెలసిన పురావస్తుశాఖకు మొదట సర్వే చేయుటయే పని; కట్టడములను కాపాడు బాధ్యతకు చట్టబద్ధమైన రూపము వైస్రాయి కర్జను కాలమున 1904లో వచ్చిన ప్రాచీన కట్టడముల రక్షణచట్టముతో గాని యేర్పడలేదు. 1923లో ప్రకటింపబడిన శాఖాధిపతి జాన్ మార్షల్ కరదీపిక ఆ శాఖకు ధర్మశాస్త్రము వంటిది. విఱిగినదైనను, సగము అరిగినదైనను, మూలశిల్పి చేతిపనికే విలువయనియు, దానిస్థానమున ఎంత నేర్పుతో చెక్కిన క్రొత్తపనియైనను సాటిరాదనియు దాని సారము. స్వాతంత్ర్యానంతరము 1958లో వచ్చిన చట్టము, 2010లో దానికి జరిగిన సవరణ, కేంద్రరక్షితమైన ప్రతికట్టడము చుట్టును నూఱుమీటర్ల మేర నిషిద్ధప్రాంతమును, దానికి వెలుపల మఱి రెండువందల మీటర్ల మేర నియంత్రితప్రాంతమును ఏర్పఱచినవి. చట్టములో లోపము పెద్దగా లేదు. కాని దేశమంతటను మూడువేల ఆఱువందలకు పైబడిన యా కట్టడములలో 92 కనబడుటలేదని 2013లో కంప్ట్రోలర్ ఆడిటర్ జనరల్ నివేదిక తేల్చినప్పుడు, పట్టికలోని పేరును నేలమీది కట్టడమును వేఱువేఱు సంగతులని తేటపడినది. వానిలో కొన్ని పిమ్మట దొరకినవి. అనగా అవి పోలేదు, వెళ్లి చూచినవారు లేకపోయిరి. ఇక కేంద్రమునకుగాని రాష్ట్రమునకుగాని జాబితాకెక్కని ఊరిగుడులు, బురుజులు, దిగుడుబావులు, వీరగల్లులు, జమీందారీ మేడలు లెక్కకు మిక్కిలి. చట్టపు కంటికి అవి కేవలము పాతగోడలు.

ఈ వెలితిని పూరించుటకు తెలుగువారు ట్రస్టుల కాలమునకు ముందే మండలులను స్థాపించుకొనిరి. జయంతి రామయ్యపంతులుగారి పూనికతో 1911లో వెలసిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తాళపత్రములను ప్రోగుచేసెను. 1922లో రాజమహేంద్రవరమున నేర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధకసంస్థ నాణెములను, తామ్రపత్రములను, శిల్పములను సేకరించి పత్రిక నడపెను. దాని కార్యమునకు ప్రాణమైన రాళ్లబండి సుబ్బారావుగారి పేర నేటికిని ఆ యూర మ్యూజియము కలదు. హైదరాబాదున, 1923లో గతించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర నడచిన పరిశోధకమండలి 1935లో తెలంగాణాశాసనముల మొదటి సంపుటమును వెలువరించెను. వీరి ఆస్తి ప్రధానముగా కాళ్లనడకయు, ఒక కుంచెయు, సిరాబుడ్డియు.

శాసనప్రతిని తీయుపని చూడ సులభము, చేయ కష్టము. నాచుపట్టిన రాతిని నీటితో కుంచెతో కడిగి, తడిపిన కాగితమును దానిపై ముడుతలు లేకుండ పఱచి, కుచ్చుగల బ్రష్షుతో మెల్లమెల్లగా మోదుచు పోవలెను. అక్షరముల గాడిలోనికి కాగితము దిగవలెను గాని చిరుగరాదు. తేమ యించుక ఆఱిన పిమ్మట గుడ్డబొంతతో చేసిన అద్దకపుముద్దను సిరాలో ముంచి, పలుచగా తట్టుచు పోయినచో రాతిమట్టము నల్లబడి, అక్షరములు తెల్లగా నిలుచును. తేమ యెక్కువైనచో సిరా ప్రాకును. ఆఱిపోయినచో కాగితము లేచిపోవును. మధ్యాహ్నపుటెండలో చేయు పని కాదు. ఇట్లు తీసిన ప్రతులవలననే, తరువాత బండలు క్వారీలకు పోయినను, పునాదులలో పడినను, పాఠము దక్కినది. కాని మండలులకు ఒక దౌర్బల్యము కలదు: అవి వ్యక్తుల యుత్సాహముపై నిలిచినవి, ఆ వ్యక్తులు గతించిన వెంటనే అల్మారలకు తాళములు పడినవి. తాము కాపాడిన తాళపత్రములను కాపాడువారిని వెదకుకొనవలసిన స్థితి సంస్థలకే వచ్చినది.

నిజాము రాజ్యమున 1914లో ఏర్పడిన పురావస్తుశాఖ కథ వేఱు. దానికి ధనమును కలదు, గులాం యజ్దానీ వంటి విద్వాంసుడైన అధిపతియు కలడు. ఆనాడా రాజ్యములోనిదే యగు అజంతాలో రాలిపోవుచున్న చిత్తరువులను నిలబెట్టుటకు 1920లో ఇటలీనుండి చెక్కోని, ఓర్సిని యను నిపుణులను రప్పించిరి. ఊడివచ్చుచున్న పూతను వారు గోడకు అతికించిన నేర్పు కొనియాడదగినదే. ఆ పనియే లేకున్నచో చాలభాగము నేల రాలియుండెడిది. కాని రంగులు తేటగా కనబడుటకై పూసిన లక్కవార్నిషు ఏండ్లు గడచినకొలది పసుపుబాఱి, ధూళిని పట్టి, నల్లబడినది. దానిని పొరపొరగా తీయుటయే తరువాతి తరముల రసాయనజ్ఞులకు ప్రధానమైన పని యయ్యెను. ఆ కాలమున లభ్యమైన ఉత్తమవిద్య అదియే కావున వారిని నిందించుట న్యాయము కాదు. చేసినదానిని తిరిగి తొలగించుటకు వీలుగా చేయవలెనను నేటి సూత్రము ఇట్టి యనుభవములనుండియే పుట్టినది.

నదీప్రాజెక్టుల కాలమున మఱియొక ప్రశ్న యెదురైనది. 1926లో వెలుగులోనికి వచ్చిన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి యున్నది. 1955 డిసెంబరులో ఆ లోయను ముంచు ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. అంతకు ముందటి యేడే మొదలుపెట్టి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి నాయకత్వమున లోయ నంతటిని త్రవ్వి, కొలిచి, చిత్రించి, తొమ్మిది కట్టడములను కొండమీద మరల కట్టిరి. మఱి పదునాల్గింటికి నమూనాలు చేసిరి. మిగిలిన నగరము నీటిక్రింద నున్నది. పంటకాలువలవలన బ్రదికిన లక్షల కుటుంబములను తలచినచో ఆ వినిమయమును తప్పుపట్టజాలము. అయినను, ఘట్టములు, వీథులు, విహారములు, శ్మశానములు ఒకదానితో నొకటి కలిసి చెప్పిన యూరి కథను కొండమీది వరుసలో చదువుట కుదరదు. శ్రీశైలము ప్రాజెక్టు ముంపునకు వెఱచి కృష్ణాతుంగభద్రల సంగమమందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును, పాపనాశి గుడుల సముదాయమును ఱాళ్లకు అంకెలు వేసి విప్పి, అలంపురమునకు తెచ్చి నిలబెట్టినప్పుడును ఇదియే జరిగెను. సంగమేశ్వరుడు కలడు, సంగమము లేదు. అయినను అలంపురపు నవబ్రహ్మాలయములు మునుగకుండ కాపాడుటకై గడియారం రామకృష్ణశర్మగారు మొదలగు స్థానికులు చేసిన యాందోళన లేకున్నచో ఈ మాత్రమును దక్కెడిది కాదని యొప్పుకొనక తప్పదు.

ఇక పూజలు జరుగు గుడులను గూర్చి. ఇచ్చట పురావస్తుశాస్త్రమునకును ఆగమమునకును మధ్య నిజమైన భేదాభిప్రాయము కలదు. దీనిని మూఢత్వముగా కొట్టివేయువారు విషయము నెఱుగనివారు. 1964లో వెనిస్ నగరమున నిపుణులు కూడి చేసిన తీర్మానపత్రము కట్టడమును గతకాలపు సాక్ష్యముగా భావించినది; సాక్ష్యమును దిద్దరాదు. మన సంప్రదాయమునకు గుడి దేవుని యిల్లు. ఇల్లు జీర్ణించినచో ఉద్ధరింపవలెను. జీర్ణోద్ధరణమునకు మహాపుణ్యము చెప్పబడినది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26వ తేదీ రాత్రి కూలినప్పుడు, ఏండ్లతరబడి కనబడుచున్న బీటలను ఎవరు పట్టించుకొనవలసినదను చర్చ పెద్దగా చెలరేగినది. 2017 నాటికి క్రొత్తగోపురము పూర్తియైనది. దేవాలయమునకు ద్వారము కావలెను, వచ్చినది. రాయలనాటి గోపురము మాత్రము ఛాయాచిత్రములకు పరిమితమయ్యెను. బీటకు చికిత్స చేసియున్నచో ఆగమమునకుగాని, శాస్త్రమునకుగాని అభ్యంతరము లేకయే యుండెడిది. అసలైన చిక్కు జీర్ణోద్ధరణమున కాదు, జీర్ణింపని దానిని ఉద్ధరించుటలో నున్నది. ఇసుకధారతో స్తంభములను తెల్లగా చేయించి శిల్పుల ఉలిగీతలను అరగదీయుట, శాసనముపై ఎనామెలు పూయుట, చప్టాబండలు పెఱికి నునుపు గ్రానైటు పఱచుట, అటుపిమ్మట కాలు జాఱుచున్నదని దానిమీద కొబ్బరిపీచు చాప వేయుట—ఇవన్నియు దాతల పేర్లతో జరుగుచున్నవి. రాతిపని నెఱిగిన స్థపతి యొక్కడు దేవస్థానపు ఇంజనీరు ప్రక్కన నిలబడి యున్నచో సగము ఆగిపోవును.

ఈ సందర్భమున 1984లో ఢిల్లీలో నెలకొన్న ఇంటాక్ సంస్థను ప్రత్యేకముగా చెప్పుకొనవలెను. భారతదేశమున ధనమార్జించిన చార్లెస్ వాలెస్ అను నాంగ్లేయుడు తన యాస్తిలో కొంత ఈ దేశమునకు చెందునట్లు వీలునామా వ్రాయగా, ఆ సొమ్ము దీని ప్రారంభమునకు తోడ్పడినది. ప్రభుత్వశాఖ కాదు, కేవలము విద్వత్సభయు కాదు. జిల్లాలలో శాఖలుగల పౌరసంఘము. చట్టమునకు వెలుపల నున్న కట్టడముల జాబితాలను తయారుచేయుట దీని ముఖ్యకార్యము. 2004లో ఇది యంగీకరించిన నియమావళి, జీర్ణోద్ధరణమను భావమును గౌరవించి, పారంపర్యశిల్పుల విద్యయే పరిరక్షింపదగిన సంపద యని చెప్పినది. వెనిస్ పత్రమునకు మన దేశము చెప్పిన తూకమైన సమాధానముగా నేను దీనిని భావింతును. దీని లోపము దీని స్వరూపమునందే కలదు: జాబితా వ్రాయగలదు, కూల్చివేతను ఆపు అధికారము లేదు.

హైదరాబాదు చరిత్ర యీ మాటకు తార్కాణము. 1995లో పట్టణాభివృద్ధి నిబంధనలలో చేరిన పదుమూడవ నిబంధనవలన ప్రైవేటు దేవిడీలకును, మేడలకును, దేశమున కొన్ని నగరములకు మాత్రమే యుండిన రక్షణ లభించినది; 2015లో ఆ నిబంధనను తొలగించిరి; 2017లో రాష్ట్రము వారసత్వచట్టమును చేసినది. ఆ పిమ్మట శాసనసభాభవనము కొఱకు ఎఱ్ఱమంజిల్‌ను పడగొట్టవలెనను మంత్రివర్గ నిర్ణయము వెలువడగా, పౌరులును వారసులును న్యాయస్థానమున కెక్కిరి. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ మేడ నిలిచినది. అయితే తీర్పు కట్టడమును పడగొట్టకుండ ఆపగలదే గాని, దాని పైకప్పునుండి నీరు కాఱకుండ ఆపజాలదు.

పైకప్పు సంగతి తెలిసినవారు గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణమున పనిచేసిరి. 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర పురావస్తుశాఖతో ఒడంబడిక చేసికొని, నూటయాఱు ఎకరములలోని వంద కట్టడములను పట్టినది. 2024 జూలైలో పని ముగిసినది. వారు మొదట చేసినది కట్టుట కాదు, తీయుట. ఇరువదవ శతాబ్దిలో గుమ్మటములపై మరమ్మతు పేర పూసిన సిమెంటును జాగ్రత్తగా తొలచి తీసిరి. సిమెంటు గట్టిది, ఊపిరాడనిది. గోడలోని తేమను బయటికి పోనీయదు. ఆ తేమ రాతి కీళ్లను లోలోపల మెత్తబఱచును. డంగుసున్నపు స్వభావము వేఱు. కాల్చిన సున్నపురాయిని నీటిలో చంపి, గుంటలో నానబెట్టి, ఇసుకతో గానుగలో త్రిప్పి త్రిప్పి వెన్నవలె చేసి, బెల్లపునీరు, మారేడుగుజ్జు వంటివి చేర్చి పూయుదురు. అది మెల్లగా గాలిని పీల్చుకొని గట్టిపడును. గోడ కదలినచో తానును కొంత కదలును. తేమను పీల్చి మరల విడుచును. పూసిన మేస్త్రి తడిగా నున్నంతసేపు దానిని రుద్దుచునే యుండవలెను, లేనిచో వెండ్రుకవాసి బీటలు పుట్టును. ఒక గుమ్మటమునకు ఇట్టి పొరలు పెక్కు. 2013 వానలలో కూలిన బడీబావళి గోడను వెలికితీసిన ఱాళ్లతోనే మరల కట్టి, నీటిని తోటకు వాడుకలోనికి తెచ్చిరి. 2022లో గోలకొండ దిగుడుబావులకు యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారములలో గౌరవము లభించినది. ఆ యేడే కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకును పురస్కారము వచ్చుట గమనింపదగినది. అది వారసకుటుంబము పోషించుకొన్న కోట.

వీనికి ప్రతిగా హనుమకొండ వేయిస్తంభముల గుడిని చూడుడు. 1163లో రుద్రదేవుడు కట్టించిన యీ గుడి యెదుటి కల్యాణమండపమును పునాది క్రుంగినదని 2006లో విప్పిరి. 2024 మార్చిలో మరల తెఱచిరి. నడుమ పదునెనిమిదేండ్లు. పని కష్టమైనదే, నల్లరాతి దూలముల బరువు సామాన్యము కాదు. కాని నిధులు, ఒప్పందములు, నిపుణులు ఒక్కసారిగా సమకూడక ఱాళ్లు నేలపై నుండిపోయిన కాలమే అందులో ఎక్కువ. విప్పుట కనుమతి యిచ్చునప్పుడే తిరిగి కట్టుటకు ధనము విడిగా వేసి యుంచవలెనను నియమము మనకు లేదు.

ఇన్నిటిని కలిపి చూచినచో, మన సంస్థలకు రెండు పనులు బాగుగా చేతనగును: జాబితా వ్రాయుట యొకటి, కూలిన పిమ్మట భారీగా పునరుద్ధరించుట యొకటి. నడిమిది, అనగా ఏటేట జరుగవలసిన చిల్లరపని, ఎవరికిని చెందలేదు. కట్టడములను చంపునది భూకంపముకంటె రావిమొలక. పక్షి వేసిన విత్తనము రాతికీలులో మొలచిన మొదటి యేడు వ్రేళ్లతో పెఱుకవచ్చును. మూడవ యేట కత్తి కావలెను, కొమ్మ నఱికినను వేరు లోపల బ్రదికియుండి బలియును. పదవ యేటికి గోడనే విప్పవలెను. నీరుపోవు తూము మూసికొనిపోయినచో కప్పుపై నిలిచిన నీరు దారి వెదకికొనును. ఈ పనులకు వేలు చాలును, కోట్లు అక్కఱలేదు. శిలాఫలకమునకు మాత్రము తగవు.

డచ్చిదేశమున 1973 నుండి మాన్యుమెంటెన్‌వాఖ్ట్ అను సంస్థ సరిగా నీ నడిమిపనినే వృత్తిగా చేసికొన్నది. పాతకట్టడముల యజమానులు చందా చెల్లింతురు. పరీక్షకు లిద్దఱు పనిముట్ల బండితో వచ్చి, కప్పులెక్కి, కాలువలు శుభ్రపఱచి, జాఱిన పెంకు నెత్తి పెట్టి, అప్పుడే చేయవలసినవి యేవి, ఆగగలవి యేవి యని యజమాని కొక నివేదిక వ్రాసి యిత్తురు. మన దేశమున ఆ యేర్పాటునకు కావలసిన భాగము లన్నియు విడివిడిగా నున్నవి. దేవాదాయశాఖకు గుడుల పట్టిక కలదు; ఇంటాక్ శాఖలకు ఊళ్ల జాబితా కలదు; గోలకొండ పనిలో డంగుసున్నము పూయ నేర్చిన మేస్త్రీలు కలరు. జిల్లాకు ఇద్దఱు మేస్త్రీలు, ఒక నిచ్చెన, ఒక సున్నపుగుంట, మృగశిరకార్తెకు ముందొకసారియు వానలు వెలిసిన పిమ్మట మఱియొకసారియు తిరుగునట్లు ఒక పట్టీ—ఇంతకు మించి మొదటి యేటికి అవసరము లేదు. ఈ వ్యయమును ఏ శాఖ పద్దులో వ్రాయవలెనన్నది తేలనంతవరకు మాత్రము, తేలికగా పెఱుకదగిన మొలకలు ఏటికొక యేడు ముదురుచునే యుండును.